శరదృతువులో లేక్ ఫోర్క్: గాలం బాస్‌కు వేయాలా, క్రాపీకి వేయాలా?

డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారిలో చేపల వేట మీద ఆసక్తి ఉన్నవారికి, ఎండలు తగ్గి దసరా దగ్గర పడేసరికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. వారాంతంలో ఒక్క రోజు తీరిక దొరికినప్పుడు, తూర్పుగా గంటన్నర ప్రయాణంలో ఉన్న లేక్ ఫోర్క్ జలాశయానికి వెళ్లి లార్జ్‌మౌత్ బాస్ కోసం ప్రయత్నించడం మేలా, క్రాపీ కోసం ప్రయత్నించడం మేలా? ఈ రెండు చేపలూ ఒకే నీటిలో, చాలాసార్లు ఒకే చెట్టు మోడు చుట్టూ తిరుగుతుంటాయి. అయినా వాటి కోసం తీసుకువెళ్లవలసిన రాడ్లు వేరు, వాడవలసిన ఎర వేరు, నీటి మీద ఉండవలసిన వేళ వేరు, పట్టిన తర్వాత చేయవలసినది కూడా వేరే. అందువల్ల ఈ నిర్ణయం ఇల్లు కదలకముందే జరిగిపోవాలి. రెండింటి సామగ్రీ కారులో వేసుకొని అక్కడికి వెళ్లి చూద్దామనుకొనేవారు సాధారణంగా ఉదయం బాస్‌ను, మధ్యాహ్నం క్రాపీని కూడా పోగొట్టుకొని తిరిగి వస్తారు.

చాలామంది ఈ ఎంపికను ఇష్టాయిష్టాల విషయంగా చూస్తారు: పోరాడే చేప కావాలంటే బాస్, తినే చేప కావాలంటే క్రాపీ. వేసవిలోనో వసంతంలోనో ఆ లెక్క సరిపోవచ్చు గాని, శరదృతువులో నీటి ఉష్ణోగ్రతే అసలైన కొలత అని నా అభిప్రాయం. నీరు 70 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పైన ఉన్నంతకాలం బాస్ వైపు మొగ్గడం, 65 కంటే కిందికి దిగిన తర్వాత క్రాపీ వైపు మొగ్గడం నేను సూచించే పద్ధతి. ఆ మధ్యలో ఉన్న రెండు మూడు వారాలు మాత్రం ఎవరితో వెళుతున్నారు, పడవ ఉందా, పట్టినవి ఇంటికి తెచ్చుకోవాలా అన్న ప్రశ్నల మీద ఆధారపడి ఉంటాయి.

ఈ జలాశయం సంగతి

సబీన్ నదికి ఉపనది అయిన లేక్ ఫోర్క్ క్రీక్ మీద కట్టిన ఆనకట్ట 1980లో పూర్తయింది. జలాశయం పూర్తిగా నిండడానికి 1985 దాకా పట్టింది. విస్తీర్ణం 27,690 ఎకరాలు, అత్యధిక లోతు సుమారు 70 అడుగులు. నీరు నింపేటప్పుడు లోపలి చెట్లలో చాలా భాగాన్ని నరకకుండా వదిలేశారు. నలభై ఏళ్లు గడిచినా ఆ మోళ్లలో ఎన్నో ఇంకా నీటిలో నిలబడే ఉన్నాయి. చేపలకు ఇల్లూ, పడవలకు గండమూ అవే. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవారు మొదటి నుంచీ ఇక్కడ ఫ్లోరిడా జాతి బాస్ పిల్లలను వదిలి, కఠినమైన నిబంధనలతో కాపాడుతూ వచ్చారు. దాని ఫలితం చిన్నది కాదు: 1992 జనవరిలో ఇక్కడ పడిన 18.18 పౌండ్ల బాస్ ఇప్పటికీ రాష్ట్ర రికార్డుగా నిలిచి ఉంది. శరదృతువు విషయానికి వస్తే 1986 నవంబరు 26ను గుర్తు చేసుకోవాలి. ఆ రోజు ఇదే జలాశయంలో 17.67 పౌండ్ల బాస్ పడింది. తర్వాత ఎథెల్ అన్న పేరుతో ప్రసిద్ధి పొందిన ఆ చేపతోనే, 13 పౌండ్లు దాటిన బాస్‌లను బతికించి సంతానోత్పత్తికి వాడుకొనే షేర్‌లంకర్ పథకం మొదలైంది. నవంబరు చివర కూడా పెద్ద బాస్ ఎర అందుకుంటుందనడానికి ఇది చాలినంత సాక్ష్యం. కాకపోతే అటువంటి చేప కోసం నవంబరులో వేచి ఉండడం, అక్టోబరులో గుంపుల మీద వేటాడడం ఒకటి కావు.

నీటి అడుగున జరిగే మార్పు

ఎంపిక అంతా ఈ మార్పు మీదే ఆధారపడి ఉంది కనుక దీన్ని కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. వేసవిలో జలాశయపు నీరు పొరలుగా విడిపోతుంది. వెచ్చని నీరు తేలిక కనుక పైన ఉండిపోతుంది. చల్లని నీరు బరువు కనుక అడుగున కదలకుండా నిలిచిపోతుంది. అడుగు నీటికి గాలి సోకదు, కుళ్లుతున్న ఆకూ అలమూ ఉన్న ప్రాణవాయువును కూడా వాడేస్తాయి. ఆగస్టు నాటికి ఒక లోతు దాటిన తర్వాత చేప నిలవలేని పరిస్థితి వస్తుంది. ఆ హద్దు సాధారణంగా 20 అడుగులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే జలాశయం లోతు 70 అడుగులున్నా చేపలన్నీ పై మూడో వంతులోనే సర్దుకొని ఉంటాయన్నమాట.

సెప్టెంబరు చివరి నుంచి ఉత్తరం వైపు చలిగాలులు ఒకటి తర్వాత ఒకటిగా దిగుతాయి. పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగడం మొదలవుతుంది. పై పొరకూ అడుగు పొరకూ తేడా తగ్గిపోయిన తర్వాత ఒక గట్టి గాలి చాలు, నీరంతా కలిసిపోవడానికి. ఆ కలయిక జరుగుతున్న రోజుల్లో నీరు గోధుమ ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది, అడుగున కుళ్లిన ఆకులు పైకి తేలుతాయి, గాలి మళ్లిన ఒడ్డున నురుగు కడుతుంది, ముక్కుకు కుళ్లిన గుడ్డు వాసన తగులుతుంది. ఈ గుర్తులు కనిపిస్తే బాస్ కోసమైనా క్రాపీ కోసమైనా అక్కడ కాలం వృథా చేయవద్దు. ఏరు వచ్చి జలాశయంలో కలిసే పాయలలోకి, వీలైనంత ఎగువకు వెళ్లండి. అక్కడి నీటికి లోతు తక్కువ కనుక అది వేసవిలో పొరలుగా విడిపోలేదు, ఇప్పుడు కలవవలసిన అవసరమూ లేదు. జలాశయం మొత్తం ఒకే రోజున కలిసిపోదు కాబట్టి, పది మైళ్ల అవతల నీరు చక్కగా ఉండవచ్చు.

కలయిక పూర్తయిన తర్వాత అడుగు దాకా ప్రాణవాయువు చేరుతుంది. వేసవి అంతా పైనే ఉండిపోయిన క్రాపీకి ఇప్పుడు 30, 40 అడుగుల లోతు కూడా అందుబాటులోకి వస్తుంది. అక్టోబరులో బాస్‌ను, నవంబరులో క్రాపీని నేను సూచించడానికి సగం కారణం ఇది.

మిగిలిన సగం కారణం షాడ్ అనే చిన్న వెండి చేపలు. ఇవి మన పులసకు దగ్గరి బంధువులు. బాస్, క్రాపీ రెండింటికీ ముఖ్యాహారం ఇవే. పగళ్లు కురచబడి నీరు చల్లబడే కొద్దీ షాడ్ గుంపులు విశాలమైన నీటిని వదిలి పాయలలోకి కదులుతాయి. వాటి వెనుకే బాస్ బయలుదేరుతుంది. లిటిల్ కేనీ, బిగ్ కేనీ, గ్లేడ్ క్రీక్ వంటి పాయలలో అక్టోబరు ఉదయాలలో నీటి మీద చిటపటమని షాడ్ ఎగిరిపడుతున్న చోటు కనబడితే, దాని కింద ఏదో తరుముతోందని అర్థం చేసుకోవాలి.

బాస్ వైపు నుంచి చూస్తే

శరదృతువులో బాస్ వేట కదిలే వేట. ఉదయం వెలుగు పడకముందే నీటి మీద ఉండాలి. షాడ్ ఎక్కడ ఉన్నాయో వెతకాలి, దొరకకపోతే మరో పాయకు పోవాలి. ఎరలు కూడా వేగంగా విస్తీర్ణాన్ని వెతకగలిగినవే కావాలి: వెలుగు పడే వేళ నీటి పైన తేలుతూ కదిలే టాప్‌వాటర్ ఎర, ఎండ ఎక్కిన తర్వాత తిరిగే రేకు ఉన్న తెల్లని స్పిన్నర్‌బెయిట్ గాని, మూతి దగ్గర రేకు లేని చేప ఆకారపు వెండి రంగు లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ గాని. ఈ కాలంలో షాడ్ పిల్లలు రెండు మూడు అంగుళాలకు మించి ఉండవు కనుక ఎర పరిమాణం కూడా ఆ మేరకే ఉండాలి. వసంతంలో వాడిన పెద్ద ఎరలను అలాగే కట్టుకొని వెళ్లేవారు చేపల మధ్యనే ఉండి కూడా ఖాళీ చేతులతో తిరిగి రావడం నేను చూశాను. హైడ్రిల్లా నాచు అంచులు, పాయ మలుపులు, నీటిలోకి పొడుచుకు వచ్చిన మిట్టల కొసలు చూడవలసిన చోట్లు. ఎర నాచుకు తగులుకున్నప్పుడు మెల్లగా లాగకుండా ఒక్కసారిగా విదిలిస్తే, అది విడివడి పైకి లేచిన క్షణంలోనే చాలాసార్లు బాస్ అందుకుంటుంది.

ఈ వేటలోని ఆనందం చెప్పవలసిన పని లేదు. నాలుగు పౌండ్ల చేప నీటి పైకి లేచి తల విదిలించినప్పుడు చేతిలోని రాడ్ చెప్పే సంగతి వేరే ఏ చేపా చెప్పలేదు. అయితే దానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. గంటల తరబడి విసురుతూ ఉండాలి. అలవాటు లేని భుజం మధ్యాహ్నానికే మొరాయిస్తుంది. విసిరినప్పుడు దారం చుట్టే తిరిగే బెయిట్‌కాస్టింగ్ రీల్ చేతికి అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటిసారి పట్టుకున్నవారికి దారం పిచ్చుకగూడులా చిక్కుపడిపోవడం తప్పదు కాబట్టి, కొత్తవారు చుట్ట కదలకుండా దారం వదిలే స్పిన్నింగ్ రీల్‌తో మొదలుపెట్టడమే మంచిది. అన్నింటికంటే ముఖ్యమైనది, లేక్ ఫోర్క్‌లో బాస్ కోసం పడవ దాదాపు తప్పనిసరి. చలిగాలి దిగిన మరునాడు ఆకాశం నిర్మలంగా, ఎండ తీక్షణంగా ఉన్నప్పుడు బాస్ నాచు లోపలికీ, మోళ్ల మొదళ్లకూ అతుక్కుపోయి, కళ్ల ముందు నుంచి ఎర పోయినా కదలదు. శరదృతువులో ఇటువంటి రోజులు చాలానే వస్తాయి. గాలి దిగడానికి ముందు రోజు మబ్బుగా, దక్షిణపు గాలి వీస్తున్నప్పుడు వెళ్లగలిగితే బాస్‌కు అంతకంటే మంచి రోజు ఉండదు. సెలవు ఏ రోజు పెట్టుకోవాలన్నది మీ చేతిలో ఉంటే వాతావరణ సూచన చూసి పెట్టుకోండి.

క్రాపీ వైపు నుంచి చూస్తే

క్రాపీ వేట నిలిచి చేసే వేట. లేక్ ఫోర్క్‌లో తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ రెండూ ఉన్నాయి. వీపు మీది ముళ్లు లెక్కపెడితే తెల్లదానికి ఐదారు, నల్లదానికి ఏడెనిమిది ఉంటాయి. వేటకు ఈ తేడా పెద్దగా అవసరం లేదు. అవి గుంపులుగా ఉంటాయన్నదే అవసరమైన సంగతి. ఒకటి పడిన చోట పది ఉండే అవకాశం ఎక్కువ. అక్టోబరులో ఈ గుంపులు చెదిరి తిరుగుతూ, ఈ రోజు 12 అడుగుల్లో ఉన్నవి రేపు మరో చోట 25 అడుగుల్లో ఉంటాయి. నవంబరు మధ్యకు వచ్చేసరికి నిలదొక్కుకుంటాయి. నీటిలో మునిగిన కొమ్మల గుట్టలు, పాత ఏటి కాలువ ఒడ్డున నిలిచిన మోళ్లు, 154వ నంబరు, 515వ నంబరు రహదారి వంతెనల స్తంభాలు వాటి స్థావరాలు.

సామగ్రి చాలా తక్కువ. తేలికైన స్పిన్నింగ్ రాడ్, ఆరు పౌండ్ల దారం, ఔన్సులో పదహారో వంతు బరువున్న జిగ్‌లు (బరువైన తల ఉన్న కొక్కెపు ఎరలు) కొన్ని, లేకపోతే ఎర దుకాణంలో డజన్ల లెక్కన అమ్మే మిన్నోలు అనే బతికిన చిన్న చేపలు. ఊళ్లో చెరువు గట్టున బెండు కట్టి గాలం వేసినవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఇక్కడి బెండు దారం మీద జారుతుంది, కావలసిన లోతు దగ్గర దారానికి వేసిన చిన్న ముడి దాన్ని ఆపుతుంది, అంతే తేడా. పడవ మీద ఉంటే బెండు కూడా అక్కరలేదు. జిగ్‌ను నిటారుగా కిందికి దించితే చాలు.

లోతు విషయంలో మాత్రం పట్టింపు అవసరం. క్రాపీ కళ్ల అమరిక పైకి చూడడానికి అనువుగా ఉంటుంది. తనకంటే పైన ఉన్నదాని కోసం లేస్తుంది గాని కిందికి దిగడం అరుదు. చేపలు 22 అడుగుల్లో ఉన్నాయని పడవలోని చేపల జాడ చూపే యంత్రం చూపిస్తే జిగ్‌ను 20 దగ్గర ఆపాలి. 24కు దించితే ఆ రోజంతా కూర్చున్నా ఫలితం ఉండదు. ఆపిన తర్వాత కదిలించకూడదు. కొత్తవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు గాని, దారం చివర వేలాడే జిగ్‌కు మన చేతి వణుకే కావలసినంత కదలిక ఇస్తుంది. క్రాపీ అందుకున్నప్పుడు లాగినట్లు ఉండకపోవచ్చు. కింద నుంచి లేచి జిగ్‌ను నోట పెట్టుకొని ఇంకా పైకే పోతుంది కాబట్టి, అప్పటిదాకా బిగువుగా ఉన్న దారం ఉన్నట్టుండి సడలుతుంది, రాడ్ కొస అర అంగుళం పైకి లేస్తుంది. ఆ సడలింపే గుర్తు. అప్పుడు మణికట్టుతో మెల్లగా పైకి ఎత్తాలి. బాస్‌కు చేసినట్లు గట్టిగా గుంజితే, నోటి చుట్టూ ఉన్న పల్చని పొర చిరిగి కొక్కెం ఊడిపోతుంది. పడవ దగ్గరకు వచ్చిన తర్వాత కూడా దారం పట్టుకొని ఎత్తకుండా చిన్న వల కింద పెట్టడం మంచిది.

2018 తర్వాత వచ్చిన లైవ్‌స్కోప్ వంటి పరికరాలు ఈ వేటను బాగా మార్చివేశాయి. పడవ ముందున్న మోడు చుట్టూ ఎన్ని చేపలున్నాయో, అందులో ఏది జిగ్ వైపు కదులుతోందో తెర మీద అప్పటికప్పుడు కనిపిస్తుంది. వేల డాలర్ల ఆ యంత్రం లేనంత మాత్రాన క్రాపీ పడదని అనుకోవద్దు. వంతెన స్తంభాల దగ్గర ఐదేసి అడుగుల చొప్పున లోతు మారుస్తూ పోతే గంటలోపు గుంపు జాడ తెలుస్తుంది.

క్రాపీకి ఉన్న మరో గొప్ప సౌలభ్యం వేళ. నవంబరులో ఇది పది గంటలకైనా, మధ్యాహ్నం రెండుకైనా ఎర అందుకుంటుంది. చలిగాలి దిగిన మరునాడు కూడా, బాస్ ముఖం చాటేసిన రోజున కూడా, 25 అడుగుల లోతున ఉన్న క్రాపీ పెద్దగా పట్టించుకోదు. పిల్లలకు అల్పాహారం పెట్టి ఎనిమిదింటికి బయలుదేరే కుటుంబానికి ఈ ఒక్క సంగతి చాలు.

పడవ లేనివారికి

ఇక్కడ సందేహానికి తావు లేదు: క్రాపీయే. లేక్ ఫోర్క్ గట్టు చాలావరకు ప్రైవేటు స్థలాలతో నిండి ఉంటుంది, ఒడ్డు నుంచి విసరడానికి చోటు తక్కువ. కొన్ని మెరీనాల దగ్గర రుసుము తీసుకొని రేవు మీద గాలం వేయనిస్తారు. ఆ రేవుల కింద క్రాపీ కోసం కొమ్మల గుట్టలు ముంచి ఉంచడం మామూలే. అది కూడా కుదరకపోతే లేక్ ఫోర్క్ అన్న పట్టుదల మానుకొని, రే రాబర్ట్స్ జలాశయం దగ్గరి ఐల్ డు బోయిస్, టవాకోనీ, జో పూల్ సరస్సు ఒడ్డున ఉన్న సీడార్ హిల్ వంటి స్టేట్ పార్కులకు వెళ్లడం వివేకం. టెక్సాస్ స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచి గాని, రేవు మీద నుంచి గాని గాలం వేయడానికి లైసెన్సు కూడా అక్కరలేదు. ఈ వేట తమకు సరిపడుతుందో లేదో తెలియనివారు ఖర్చు పెట్టకముందు పరీక్షించుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. మన ఊళ్ల నుంచి వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్లే తల్లిదండ్రులను తీసుకువెళ్లడానికి కూడా ఇదే అనువైనది: మడత కుర్చీ వేసుకొని, బెండు చూస్తూ, తమ చిన్ననాటి చెరువుల సంగతులు చెప్పుకుంటూ కూర్చోవచ్చు.

గైడ్‌ను కుదుర్చుకొనే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. రోజుకు కొన్ని వందల డాలర్లు అవుతుంది. బాస్ గైడ్ పడవలో సాధారణంగా ఇద్దరికే చోటు. క్రాపీ గైడ్లు ముగ్గురు నలుగురిని కూడా ఎక్కించుకుంటారు కనుక తలకు పడే ఖర్చు తగ్గుతుంది. అయినా నా సలహా అడిగితే, డబ్బు పెట్టేది బాస్ గైడ్ మీదే పెట్టమంటాను. క్రాపీ వేటను ఎవరి సహాయం లేకుండానే నేర్చుకోవచ్చు. పాయలు, మిట్టలు, నాచు అంచులు చదవడం మాత్రం తెలిసినవారి పక్కన ఒక రోజు గడిపితే ఏళ్ల శ్రమ కలిసివస్తుంది.

సొంత పడవో, అద్దె పడవో నడిపేవారికి ఒక హెచ్చరిక. గుర్తులు పెట్టిన పడవ దారులు దాటి వేగంగా పోవద్దు. నీటికి ఆరు అంగుళాల కింద దాగి ఉన్న మోడు పడవను బోల్తా కొట్టించగలదు. 13 ఏళ్ల లోపు పిల్లలు 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ ధరించాలని చట్టం చెబుతోంది. నవంబరు నీటి చలిని దృష్టిలో పెట్టుకొని పెద్దలు కూడా ధరించాలని నేను కోరుతున్నాను. ఈత వచ్చినవారికి కూడా ఆ నీటిలో చేతులు త్వరగా కొంకర్లు పోతాయి.

నిబంధనలు ఎంపికను ఎలా మారుస్తాయి

టెక్సాస్ లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది, కనుక సంవత్సర లైసెన్సు కొనడానికి శరదృతువే తగిన సమయం. 17 ఏళ్ల లోపు పిల్లలకు అక్కరలేదు. రాష్ట్రంలో ఆరు నెలలకు పైగా వరుసగా నివసిస్తున్నవారు స్థానికుల ధరకే తీసుకోవచ్చు. చుట్టపుచూపుగా వచ్చినవారికి ఒక్క రోజు లైసెన్సు కూడా దొరుకుతుంది.

లేక్ ఫోర్క్‌లో బాస్ రోజుకు ఐదు. కాని 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న ప్రతి చేపనూ వెంటనే వదిలివేయాలి, 24 అంగుళాలు గాని అంతకు మించి గాని ఉన్నది ఒక్కటే ఉంచుకోవచ్చు. అంటే మీరు గర్వంగా ఫొటో తీసుకొనే చేపల్లో ఎక్కువ భాగం తిరిగి నీటిలోకే పోతాయి. క్రాపీ రెండు రకాలూ కలిపి రోజుకు 25, కనీస పొడవు 10 అంగుళాలు. చేప నోరు మూసి, తోక చివరలు దగ్గరికి నొక్కి కొలవాలి. పొడవు నిబంధన ఉన్న చేపలను నీటి మీద ఉండగా తల, తోక కోయకూడదు.

డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా లేక్ ఫోర్క్‌లో క్రాపీకి వేరే నిబంధన ఉంది. ఆ మూడు నెలలు కనీస పొడవు ఉండదు, పట్టిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాలి, 25 నిండగానే ఆపాలి. చలికాలంలో అవి బాగా లోతుకు దిగిపోతాయి. 40 అడుగుల నుంచి పైకి తెచ్చిన చేప లోపలి గాలితిత్తి ఉబ్బి, కళ్లు బయటికి పొడుచుకు వచ్చి, కడుపు నోటిలోకి తోసుకువస్తుంది. దాన్ని నీటిలో వదిలినా బతకదు. వదిలి చంపడం కంటే ఉంచుకొని తినడం నయమన్నది ఈ నిబంధన వెనుక ఉన్న ఆలోచన, అది న్యాయమైనదే. నవంబరులో కూడా 30 అడుగులకు మించిన లోతులో పట్టేవారు ఇదే పద్ధతి పాటిస్తే బాగుంటుంది: సంచి నింపే ఉద్దేశం లేనప్పుడు అంత లోతుకు గాలం దించవద్దు. నిబంధనలు ఏటా మారే అవకాశం ఉంది కనుక బయలుదేరే ముందు శాఖవారి తాజా ప్రకటన చూడడం తప్పనిసరి.

జలాశయం వదిలి వచ్చేటప్పుడు పడవలోని నీరంతా తోడివేసి, ట్రెయిలర్‌కు అంటుకున్న నాచు ముక్కలను తీసివేయాలి. 2018 నవంబరులో ఇక్కడ జెయింట్ సాల్వీనియా అనే కలుపు మొక్క కనిపించింది. దాని వేగం తెలిసినవారెవరూ ఈ పనిని తేలికగా తీసుకోరు.

వంటింటి సంగతి, కార్తీకం

తినడానికి రెండింటిలో క్రాపీయే మేలు. మాంసం తెల్లగా, మృదువుగా, నీచు వాసన దాదాపు లేకుండా ఉంటుంది. ముల్లు లేకుండా రెండు పక్కల మాంసం తీసి, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, బియ్యప్పిండిలో పొర్లించి వేయిస్తే పిల్లలు కూడా ఇష్టంగా తింటారు. పులుసుకు మాత్రం ఆ ముక్కలు పనికిరావు. ఉడకగానే విడిపోతాయి. పులుసు కావాలంటే పొలుసు తీసి, ముల్లుతోనే రెండు ముక్కలు చేసి, చింతపండు పులుసు బాగా మరిగిన తర్వాత చివరలో వేసి, గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకొని తిప్పాలి. 16 అంగుళాల లోపు బాస్ కూడా తినదగినదే. పెద్ద బాస్‌ను తినడాన్ని నేను సమర్థించను. మాంసాహార చేపల్లో వయసుతో పాటు పాదరసం పేరుకుపోతుందన్నది ఒక కారణం, ఆ పరిమాణానికి రావడానికి దానికి పట్టిన ఏళ్లు మరో కారణం.

మన ఇళ్లలో చాలామంది కార్తీకమాసంలో చేప ముట్టరు. దీపావళి మరునాటి నుంచి మొదలయ్యే ఆ నెల, క్రాపీ బాగా పడే నవంబరుతో చాలా ఏళ్లు కలిసిపోతుంది. అధికమాసం వచ్చిన ఏడు డిసెంబరు రెండో వారం దాకా కూడా సాగవచ్చు. నియమం పాటించే ఇంటివారు ఆ రోజుల్లో బాస్‌కే వెళ్లడం మంచిది. పట్టి, చూసి, వదిలివేసే వేటకు అది తట్టుకుంటుంది. చేప చేతిలో ఉన్నంతసేపు తడి చేతులతో పట్టుకొని, బొటనవేలితో కింది దవడ పట్టినప్పుడు రెండో చేత్తో పొట్ట కింద ఆసరా ఇచ్చి, అర నిమిషంలో నీటిలో విడిచిపెట్టాలి. క్రాపీయే కావాలనుకుంటే 15 అడుగుల లోపు నీటికే పరిమితం కండి. డిసెంబరు 1 దాటిన తర్వాత లేక్ ఫోర్క్‌లో ఆ అవకాశం కూడా ఉండదు కనుక, కార్తీకం ముగియని ఏడు నియమం ఉన్నవారు క్రాపీ రాడ్‌ను ఇంట్లోనే ఉంచడం సరైనది.

వారాల లెక్కన నా సలహా

సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా, పడవ ఉన్నవారు ఆలోచించకుండా బాస్‌కు వెళ్లవచ్చు. ఉదయం తొలి మూడు గంటలే ముఖ్యం, ఎండ ముదిరిన తర్వాత ఇంటికి తిరిగి వచ్చినా నష్టం లేదు. అక్టోబరు రెండో సగం కష్టకాలం. నీరు కలిసే రోజులు సాధారణంగా అప్పుడే వస్తాయి. పిల్లలను మొదటిసారి తీసుకువెళ్లడానికి ఆ వారాలను ఎంచుకోవద్దు. తప్పదనుకుంటే ఎగువ పాయలలో బాస్‌ను వెతకండి. నవంబరు మొదటి వారంలో, నీరు 65కు అటూ ఇటూ ఉన్నప్పుడు, అనుభవం ఉన్నవారికి రెండూ పడతాయి. నవంబరు రెండో వారం నుంచి క్రాపీని మించినది లేదు, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో నలుగురైదుగురు కలిసి వెళ్లేవారికి మరీను.

ఏడాదికి ఒక్క రోజే దొరుకుతుందనేవారు నవంబరు మధ్య శనివారాన్ని క్రాపీకి కేటాయించండి. మిన్నోలు మూడు డజన్లు, రెండు రంగుల జిగ్‌లు, రెండు రాడ్లు సరిపోతాయి. ముందు వంతెన స్తంభాల దగ్గర 12 అడుగుల నుంచి మొదలుపెట్టి లోతు పెంచుతూ పొండి. చేప పడిన లోతు దగ్గర రీల్ వద్ద దారం మీద గుర్తు పెట్టుకొంటే తర్వాతి గాలం సరిగ్గా అక్కడికే దిగుతుంది. అరగంటలో ఏమీ తగలకపోతే అదే స్తంభాన్ని పట్టుకొని ఉండకుండా, నీడ పడే రెండో వైపుకో, పక్క స్తంభానికో మారండి. కొలబద్దను పడవలో చేతికి అందేచోట కట్టి ఉంచండి. గుంపు దొరికినప్పుడు చేపలు వెంటవెంటనే వస్తాయి, పది అంగుళాలకు కొంచెం తక్కువ ఉన్నదాన్ని చూపుతో అంచనా వేసి పెట్టెలో వేయడం పొరపాటు. ఐస్ పెట్టె సగం నింపి తీసుకువెళితే, సాయంత్రం ఇంటికి చేరేదాకా మాంసం గట్టిగా ఉంటుంది.